గట్టు మలుపులో మనిషి

భీమవరం కాలేజీ బస్సు దిగి వినీల కాలవగట్టు ఎక్కింది. పొద్దు గుంకుతోంది.

వెనక అడుగుల చప్పుడైంది. గిరుక్కున తిరిగి చూసింది.

ఎవరో పెద్దావిడ. నేత చీర, చేతిలో టార్చిలైటు.

"ఎవరండీ మీరు?"

"నడువమ్మా. మీ పేట దాకా నీ వెనకే వస్తాను."

"ఎందుకండీ?"

"ఆ మలుపు దాటాలి కదమ్మా."

వినీల చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. నెల కిందట ఆ మలుపులోనే ఎవడో బైకు మీద వచ్చి జూకా లాక్కుపోయాడు. చెవి తమ్మె తెగి కుట్లు పడ్డాయి. ఆ దెబ్బకి పేటలో ఆడపిల్లలందరి చేతా కాలేజీ మాన్పించేశారు. మాననని మొండికేసింది వినీల ఒక్కతే.

పెద్దావిడ కనబడిన ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం మలుపులో నిలబడేది. పేరు వీరమ్మ అని తప్ప ఇంకేమీ చెప్పేది కాదు.

పిల్ల చెవి తెగినప్పుడు తలుపులు వేసుకున్న ఊరికి ఇప్పుడు ఎక్కడలేని చురుకు పుట్టుకొచ్చింది.

"దొంగల మనిషే. ముందుగా వచ్చి ఆనుపానులు చూసుకుంటోంది," అని తేల్చేసింది.

వీరమ్మని పంచాయతీ ఆఫీసుకి పిలిపించారు.

పెద్ద కుర్చీలో గున్నేశ్వరరావు కూర్చున్నాడు. ఊరు ఓట్లేసి గెలిపించింది ఆయన భార్య సత్యలక్ష్మిని. 'ప్రెసిడెంటు గారూ' అని పిలిచేది మాత్రం ఆయన్ని. ఆవిడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆయన చూపించిన చోట సంతకం పెడుతుంది. మన వైపు ఇదేం వింత కాదు.

"మా ఊళ్లో నీకేం పని?"

"ప్రెసిడెంటు గారికి చెప్పుకుంటానండి."

"చెప్పు. నేనే."

"బోర్డు మీద సత్యలక్ష్మి అని ఉందండి. మీ పేరు అదేనాండీ?"

నవ్వబోయిన వార్డు మెంబర్లు ఆయన మొహం చూసి ఆగిపోయారు. సత్యలక్ష్మి ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"నాకు చెప్పండమ్మా," అంది.

"మలుపులో లైటు వేయించండి. పక్కనున్న బెల్టుషాపు పాక పీకించండి. పంచాయతీ స్థలంలోనే కదా ఉంది. అక్కడ మందు తాగినోళ్లకే ఆడపిల్లల చెవులు కనబడుతున్నాయి."

ఆ పాక పల్లంరాజుది. ఎన్నికల్లో గున్నేశ్వరరావుకి అతనే కుడిభుజం. మలుపులో వేసిన బల్బు వేసినట్టే ఎందుకు పగిలిపోతోందో ఊళ్లో అందరికీ తెలుసు. అడిగిన వాళ్లే లేరు.

"ఈ ఊళ్లో నీకు ఓటుందా?" గద్దించాడు గున్నేశ్వరరావు.

"లేదండి. ఓటు లేకపోతే చీకటి కనబడదాండీ?"

"రేపు గట్టు మీద కనబడితే పోలీసులకి పట్టిస్తాను."

"పట్టించండి. ఆ వంకనైనా పోలీసులు మలుపు దాకా వస్తారు."

మర్నాడు సాయంత్రం వీరమ్మ అక్కడే ఉంది. పల్లంరాజు మనుషులు ఆవిడ టార్చిలైటు లాక్కుని కాలవలోకి విసిరేశారు.

ఆవిడ కదల్లేదు. లైటు లేకుండానే నిలబడింది.

సంగతి తెలిసి సత్యలక్ష్మి ఉండబట్టలేక గట్టు మీదికి వెళ్లింది.

"మా ఊరి కోసం మీకింత పంతం ఏంటండీ?"

వీరమ్మ, అప్పుడే బస్సు దిగి వచ్చిన వినీల చెవిని వేలితో మెల్లగా తడిమింది.

"ఇంకా నొప్పిగా ఉందా తల్లీ?"

ఆ గొంతు వణకడం సత్యలక్ష్మి విన్నది. ఇంటికి వెళ్లాక కూడా అదే చెవిలో ఉండిపోయింది.

పంచాయతీ మీటింగు రోజున భర్త కంటే ముందే వెళ్లి పెద్ద కుర్చీలో కూర్చుంది.

"లే, సత్యా! అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. నాకు ఓట్లేసింది వాళ్లే."

మెంబర్ల వైపు తిరిగింది.

"మలుపులో లైట్లు వెయ్యాలి. పాక తీసెయ్యాలి. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

"పల్లంరాజు మనవాడే!" అరిచాడు గున్నేశ్వరరావు.

"మరి వినీల ఎవరి పిల్లండీ?"

ముందు ఒక చెయ్యి లేచింది. తరవాత అన్నీ లేచాయి.

మర్నాడే జేసీబీ వచ్చింది. దానికి పల్లంరాజు అడ్డం నిలబడ్డాడు. అతనికి సత్యలక్ష్మి అడ్డం నిలబడింది. మధ్యాహ్నానికి పాక ఉన్న చోట నేల చదునైపోయింది.

ఆ పై రోజు స్తంభాలకి లైట్లు బిగించారు. సాయంత్రానికి ఊరంతా గట్టు మీదికి వచ్చింది. కాలేజీ మానేసిన ఆడపిల్లలూ వచ్చారు.

"స్విచ్చి వీరమ్మ గారే వెయ్యాలి," అంది సత్యలక్ష్మి.

ఎంత చూసినా ఆవిడ రాలేదు. చివరికి తనే వేసింది. అంత వెలుగులో ఆవిడ రోజూ నిలబడే చోటు ఖాళీగా కనబడింది.

"పోలీసులకి పట్టించేశారా?" భర్త మీద విరుచుకుపడింది.

"ఒట్టు, నేనేం చెయ్యలేదే!"

నమ్మలేదు. వినీలని వెంటబెట్టుకుని నేరుగా స్టేషన్‌కి వెళ్లింది.

ఎస్సై లేచి కుర్చీ చూపించాడు.

"మేమే కబురు చేద్దామనుకుంటున్నాం మేడం. మీ దొంగ దొరికాడు."

బల్ల మీద జూకా పెట్టాడు. వినీల చూడగానే గుర్తుపట్టింది.

"నాదే సార్!"

"వీరమ్మగారు తెచ్చిచ్చారు. పాక తీసేశారని తెలియక వాడు నిన్న సాయంత్రం తాగడానికొచ్చాడు. బైకుకి అడ్డం వెళ్లి, వాడి చెయ్యి పట్టుకుని, బస్సెక్కించి తీసుకొచ్చి మాకు అప్పజెప్పారు."

"ఆవిడేరి సార్?" ఆత్రంగా అడిగింది సత్యలక్ష్మి.

"పొద్దున్నే ఏరు దాటి వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. ఉండమన్నా ఉండలేదు."

వినీల ఇంకా జూకా వంకే చూస్తోంది.

"అంత పెద్దావిడ పట్టుకుంటే వాడు విదిలించుకుని పారిపోలేదా సార్?"

"ఎలా పారిపోతాడమ్మా?" అన్నాడు ఎస్సై. "పట్టుకున్నది వాడి కన్నతల్లి."