పేరు చెప్పను గానీ

చర్చి వెనక చింతచెట్టు మీద పక్షులన్నీ ప్రార్థన కూడికకు చేరాయి. "విన్నపాలుంటే చెప్పండి," అంది ముసలి కొంగ.

గోరింక చటుక్కున లేచింది. "ఒక సహోదరి కోసం ప్రార్థించాలండీ. పేరు చెప్పను గానీ, మొన్న వాళ్లాయన గూడు వదిలేసి..."

పక్షులన్నీ మెడలు చాచాయి. ఆ సంగతి గోరింక ఒక్కదానికే చెప్పుకున్న గువ్వ, రెక్కలో తల దాచుకుంది.

"ఆగమ్మా," అంది కొంగ. "ఆవిడ కష్టం దేవుడికి తెలుసా?"

"తెలియకేమండీ!"

"మరి ఈ కథంతా ఎవరికి చెబుతున్నావు?"

గోరింక రెక్కలు ముడుచుకుని కూర్చుంది. కొంగ అందరినీ కళ్ళు మూసుకోమంది.

"ప్రభువా, నీకు తెలిసిన ఆ బిడ్డను ఆదుకో."

గువ్వ తలెత్తి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, గట్టిగా "ఆమేన్" అంది. ఎవరూ కళ్ళు తెరిచి చూడలేదు.