గేదె చెవికి వాన

“ఫోన్ ఇంకొంచెం కిటికీ బయటికి పెట్టవే, దీనికి వినబడట్లేదు!” అని కూతుర్ని కసిరి, తల్లి తన ఫోన్‌ను గేదె చెవికి ఆనించింది.

వాన చప్పుడు వినందే పాలు చేపదు ఆ గేదె. ఇక్కడ రెండేళ్ళుగా చినుకు లేదు. కూతురి ఊళ్ళో పదిరోజులుగా కుండపోత.

గేదె చేపింది. తల్లి గబగబా పాలు పిండుకుంది.

“అదృష్టమంతా నీదేనే!”

“ఇక నా వంతమ్మా. వీడియో పెట్టి ఎండ చూపించు. పిల్ల గుడ్డలు ఆరట్లేదు.”

“ఫోన్లో ఎండకి గుడ్డలారతాయిటే, పిచ్చిమొహమా? ఇంట్లో దండెం మీద వెయ్యి.”

“దండెం మునిగిపోయిందమ్మా. మేం బీరువా మీద కూర్చున్నాం.”

తల్లి చెంబు కింద పెట్టేసింది. ఫోన్‌ను సూర్యుడి వైపు తిప్పి, చెయ్యి కదలకుండా పట్టుకుంది.

“తగులుతోందా, తల్లీ?”