తొక్కరాని బొమ్మ

మేష్టారు పోయిన రోజునే ఆయన కెమెరా కూడా పోయింది. తెల్లవారగానే గడియారస్తంభాన్ని ఫొటో తీసుకొస్తానని స్కూటరు మీద బయలుదేరిన మనిషి వీధి మలుపు దాటలేదు. వాననీళ్లు నిండిన గుంతలో ముందు చక్రం దిగిపోయింది. ఆ గందరగోళంలో కెమెరా ఎవరి చేతుల్లోకి పోయిందో తెలియదు. ఆయన భార్య టీచరమ్మ దాని సంగతి ఎవరినీ అడగలేదు.

ఆయన తీసిన ఫొటోలు మాత్రం హాల్లో గోడ నిండా ఉన్నాయి. వంతెనలు, విగ్రహాలు, బస్సు కోసం మెడలు సాచిన జనం. అన్నిటికన్నా ఎక్కువ వీధి బొమ్మలు. నగరంలో కుర్రకారు నిజమని భ్రమపడేలా గీసేవారు. గోడ మీది తలుపును పాలవాడు తట్టాడు. గోడ మీది పిల్లిని చూసి కుక్కలు గొంతు చించుకున్నాయి.

"ఇలాంటి బొమ్మకి ఒక్కటే చోటు ఉంటుందోయ్. అక్కణ్ణుంచి చూస్తేనే లోతు తెలుస్తుంది" అంటూ మేష్టారు టీచరమ్మను భుజాలు పట్టుకుని ఆ చోట నిలబెట్టేవారు.

పెద్దకర్మ అయ్యాక టీచరమ్మ నగరపాలక ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. గుంత పూడ్చేలోపు కనీసం చుట్టూ ఒక తాడు, పైన ఒక దీపం పెట్టించమంది.

"గుంతకి దీపం పెట్టడానికి నిధులుండవమ్మా" అన్నాడాయన, ఫైలులోంచి తల ఎత్తకుండానే.

తర్వాత కొద్ది రోజులకే, నగరంలో గుంతలన్నీ పూడ్చేశామని ఆయన ప్రకటన పేపర్లో వచ్చింది. టీచరమ్మ దాన్ని రెండుసార్లు చదివి, మడతపెట్టింది.

ఆ ఆదివారం పొద్దున్నే మలుపు దగ్గర టైలరు కేక పెట్టాడు.

"రండర్రా! మేష్టారు పడ్డ గుంతని ఎవడో అచ్చుగుద్దినట్టు దించేశాడు!"

రోడ్డు మీద తెల్లరంగుతో వెడల్పాటి చట్రం ఉంది. కింది మూలన ఎవరికీ అర్థంకాని సంతకం. పది అడుగుల దూరంలో తెల్లటి పాదాల గుర్తులు, వాటి పక్కన 'ఇక్కడ నిలబడి చూడండి' అన్న అక్షరాలు.

మధ్యాహ్నానికల్లా ఆ పాదాల మీద నిలబడడానికి వరస కట్టారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

"నిన్నటిదాకా నిజం గుంతే కదరా ఇక్కడ?"

"పేపరు చూళ్లేదూ? పూడ్చేశారు. పూడ్చిన చోటే వేశాడు, గడుగ్గాయి."

"నీళ్లు చూడు, మబ్బు కూడా కనబడుతోంది!"

"రంగులో ఏదో నూనె కలుపుతార్లే."

ఎక్కణ్ణుంచో ఒక కాకి వచ్చి అంచున వాలి, ముక్కు వంచింది.

"కాకే మోసపోయిందిరోయ్!" అని చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంజనీరు జీపు దిగాడు. వెంట పేపరు విలేకరి. ఇంజనీరు ముఖం చిటపటలాడుతోంది.

"మమ్మల్ని వెక్కిరించడానికి కాకపోతే ఏమిటిది? ఎవరు చేశారు?"

"మీ ఆఫీసు చేతిపనే అంటున్నారండీ అందరూ" అంది టీచరమ్మ.

"పనితనం అద్భుతం సార్!" అన్నాడు విలేకరి. "పూడ్చిన చోట ఇలాంటి బొమ్మ వేయనిచ్చారంటే మీది ఎంత పెద్ద మనసు! రేపు మొదటి పేజీలో వేస్తాం."

ఇంజనీరు ముఖం విచ్చుకుంది. చొక్కా సర్దుకుని, ఫొటోకి చట్రం మధ్యలో నిలబడదామని అడుగు ముందుకేశాడు. టీచరమ్మ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"తొక్కకండి సార్!" అని జనమంతా ఒక్కసారి అరిచారు. "బొమ్మ పాడవుతుంది!"

"అందుకేనండీ" అంది టీచరమ్మ, చెయ్యి వదలకుండా. "చుట్టూ తాడు, పైన దీపం ఉంటే ఎవరూ కాలు పెట్టరు. గుంతకి అడిగితే నిధులు లేవన్నారు మీరు."

"గుంతకి లేవమ్మా, కళకి ఉన్నాయి!" అన్నాడాయన, విలేకరికి వినబడేలా. "నగర సుందరీకరణ కింద ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు."

అన్నంత పనీ చేశాడు. మర్నాటికి నాలుగు ఇత్తడి స్తంభాలు, లావుపాటి ఎర్ర తాడు వచ్చాయి. వాటితోపాటే దీపం, ఈల పట్టుకున్న కాపలావాడు. బస్సుల్ని పక్కవీధి మీదుగా మళ్లించారు. స్కూటర్ల మీద వచ్చేవాళ్లు కూడా దూరంగానే ఆగి, బండి దిగి, నడిపించుకుంటూ పోతున్నారు.

ఆ సాయంత్రం టీచరమ్మ, ఆడపడుచు మేడ మీంచి చూస్తూ కూర్చున్నారు.

"వదినా, గోళ్ల సందుల్లో ఆ తెలుపేమిటి?"

"సుద్దముక్క."

"బడికి సెలవు పెట్టినదానివి, ఎవరికమ్మా పాఠం చెప్పావు?"

"ఇంజనీరు గారికి."

ఆడపడుచు పకపకా నవ్వింది. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. కొంగుతో కళ్లు తుడుచుకుని, దగ్గరికి జరిగింది.

"నా దగ్గర దాచకు. నువ్వే వేశావు కదూ? ఏనాడూ కుంచె పట్టిందానివి కావు, ఇంత బాగా ఎప్పుడు నేర్చావు?"

"నేను వేసింది చట్రం, సంతకం, ఆ పాదాలు. అంతే."

"మరి లోపలి గుంత?"

"అదింకా పూడ్చలేదు."