మొదటి ప్రశ్న

"నాన్నా, బోధ అంటే ఏమిటి?"

చర్చిలో పిల్లల తరగతి కోసం నలభై ఏళ్ల కిందట నేనే రాసిన పుస్తకంలో మొదటి ప్రశ్న అది. పక్షవాతం నా మాటలన్నీ ఊడ్చుకుపోయాక, మా అమ్మాయి ఇప్పుడు నాచేతే అప్పజెప్పించుకుంటోంది. సాయంత్రం సంఘపెద్దలు వచ్చి అడుగుతారు. చెప్పలేకపోతే తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"సింహంలా గర్జించేవాడివి, మొదటి ప్రశ్నకే నీళ్లు నములుతున్నావేంటి?" అని నవ్వింది. "నేను అందిస్తాలే. క్రమంగా, కొంచెం కొంచెంగా, తెలిసేదాకా ఓపికతో నేర్పడం. ఏదీ, అను."

నా ఒళ్లో బైబిలు తెరిచే ఉంది. సాతానును నడివీధిలో గద్దించిన నాలుక ఇది!

"క్ర... క్ర..."

ప్రశ్నల పుస్తకంలో పేజీ తిప్పబోతూ, అందులో గుర్తుగా పెట్టిన చెక్క స్కేలును ఆమె చేతిలోకి తీసుకుంది. నా అరచెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది. జవాబు తప్పినవాళ్లు అడక్కుండానే చెయ్యి చాపాలి. నా తరగతిలో నియమం అది. సొంత కూతురికి కూడా సడలించలేదు.

ఆమె నవ్వు ఆగిపోయింది. స్కేలు కింద పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే మూసింది.

"ఇదొక్కటీ మరిచిపోలేదా నాన్నా?" అంది. "నేనూ మరిచిపోలేదు."