వద్దు అనే మాట

"ఏమంటోందిరా ఆవిడ?"

కాంట్రాక్టర్ ఆ మాట అడగడం అది మూడోసారి. కిటికీ వెనక నర్సు మళ్లీ ఏదో చెప్పింది. దుబాసీ ఊఁ కొట్టాడు. ఆవిడ ఇంకేదో అంది. దానికీ ఊఁ కొట్టాడు.

"కాస్త ఆగమంటోంది," అన్నాడు వెనక్కి తిరిగి.

వెనక బెంచీ మీద ఫొటోగ్రాఫర్ పొట్ట పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. కోట చూద్దామని ముగ్గురూ బురుజు మెట్లెక్కుతుంటే సగంలో కూలబడ్డాడు. టాక్సీలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చారు. కెమెరా ఇంకా మెడలోనే వేలాడుతోంది.

"ఆగడమేంట్రా, వాడక్కడ మెలికలు తిరిగిపోతుంటే! గట్టిగా అడుగు. నీకు భాష వచ్చు కదా."

ముగ్గురూ సరదాగా తిరగడానికొచ్చిన ఆ దేశంలో వాళ్లకి ఎదురైన ఎవరికీ ఇంగ్లీషు రాదు. హోటల్ గుమ్మం దాటితే వీళ్ల ఫోన్లకి నెట్ రాదు. విమానం దిగినప్పటి నుంచి మాట్లాడే పనంతా అతనిదే కాబట్టి స్నేహితులు దుబాసీ అని పేరు పెట్టారు. అతనికి వచ్చిందల్లా నమస్కారం, థాంక్స్, ఎంత. మిగతాదంతా చేతులతో, మొహంతో లాక్కొచ్చాడు. దారి తప్పిన ప్రతిసారీ "ఇటు కూడా చూడాల్సినవి ఉన్నాయట" అన్నాడు. వాళ్లు నమ్మారు. సరదాగానే ఉండేది. ఇప్పుడు బెంచీ మీద మూలుగుతున్నవాడి ప్రాణం తన నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

డాక్టరమ్మ తలుపు తీసి రమ్మని చెయ్యి ఊపింది. ఫొటోగ్రాఫర్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"నా వల్ల కావట్లేదు. ముందు నువ్వెళ్లి విషయం చెప్పరా."

దుబాసీ లోపలికి వెళ్లి నమస్కారం అన్నాడు. అది బాగా పలికినట్టుంది, ఆవిడ గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. బొడ్డుకి కుడిపక్కన వేలితో పొడిచి చూపించాడు. ముందుకి వంగి, అచ్చం ఫొటోగ్రాఫర్ లాగే "అమ్మా" అని మూలిగాడు.

ఆవిడకి అర్థమైంది. ప్రశ్నలు వేసింది. తెల్లమొహం వేస్తే, తలుపు అద్దంలోంచి చూస్తున్న కాంట్రాక్టర్‌కి గుట్టు తెలిసిపోతుంది. అందుకని ప్రశ్న ప్రశ్నకీ ఊఁ కొట్టాడు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. గోడకున్న పొట్ట బొమ్మ దగ్గరికి వెళ్లి, కుడివైపు కింద వేలితో గీత గీసి, అతని వంక చూసింది.

దుబాసీ తలుపు అద్దం వంక ఓసారి చూశాడు. "ఊఁ," అన్నాడు.

నర్సు వచ్చి అతని చొక్కా చెయ్యి పైకి మడిచి రక్తం తీసుకుంది. కాదనలేదు. స్నేహితుడికి ఆ మాత్రం ఇవ్వలేడా?

మోచేతి దగ్గర దూది అదుముకుంటూ బయటికొచ్చాడు.

"ఏమందిరా?"

"ఆపరేషనట."

ఫొటోగ్రాఫర్ అతని చెయ్యి పట్టేసుకున్నాడు. "ఒరేయ్, నా పొట్ట కొయ్యొద్దని చెప్పరా. చచ్చినా బతికినా ఇంటికెళ్లాకే. ఇక్కడ కొయ్యనివ్వకండిరా. నీకు దణ్ణం పెడతా."

"నువ్వేమన్నావు ఆవిడతో?" అన్నాడు కాంట్రాక్టర్.

"ఊఁ అన్నాను."

"ఎందుకన్నావు?"

"రక్తం కూడా ఇచ్చేశాను."

"నిన్ను తగలెయ్య! వెళ్లు, వెళ్లి వద్దని చెప్పిరా."

దుబాసీ కదల్లేదు. బెంచీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"వద్దు అనే మాట నాకు రాదురా."

"రాకపోవడమేంటి? ఇంకో మాటతో చెప్పు."

"ఏ మాటా రాదు."

కాంట్రాక్టర్‌కి ఏదో గుర్తొచ్చింది.

"మరి నిన్న మ్యూజియంలో, ఆ రాజుగారు పెళ్లాలందరికీ భయపడి సొరంగం తవ్వించుకున్నాడన్నావు. గైడు చెప్పాడన్నావు."

"నేనే కల్పించాను."

"గైడు చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు కదరా!"

"ఎందుకో నాకూ తెలీదు."

ఫొటోగ్రాఫర్ మూలుగుతున్నవాడల్లా కిసుక్కున నవ్వాడు. పొట్ట పట్టుకుని "నవ్వించకండిరా" అంటూనే ఇంకా నవ్వాడు. ఆ ఊపులో తేన్పు ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. పక్క బెంచీ మీదున్న ముసలాయన లేచి వేరేచోటికి వెళ్లిపోయాడు.

ఫొటోగ్రాఫర్ మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. పొట్ట నొక్కి చూసుకున్నాడు.

"పోయిందిరా. నొప్పి పోయింది. గ్యాసు!"

"ఇంకా ఇక్కడేం పని? పదండి, పదండి," అన్నాడు కాంట్రాక్టర్.

బయటి తలుపు దాకా వెళ్లారో లేదో, వెనక నుంచి చక్రాల చప్పుడు. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చి దారికి అడ్డంగా పెట్టారు. వాళ్ల వెనక డాక్టరమ్మ.

"వద్దు తల్లీ, నాకు తగ్గిపోయింది! నీ పిల్లలు చల్లగా ఉండాలి!" ఫొటోగ్రాఫర్ కాంట్రాక్టర్ వీపు చాటుకి పోయి, అక్కణ్ణుంచే తెలుగులో వేడుకున్నాడు.

దుబాసీ ముందుకొచ్చి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపాడు. వీణ్ణి తీసుకెళ్లాలంటే నన్ను దాటి వెళ్లమన్నట్టు గుండె చరుచుకున్నాడు. డాక్టరమ్మ దగ్గరికొచ్చి, పిల్లాణ్ణి సముదాయిస్తున్నట్టు అతని భుజం నిమిరి, వెనకున్న మనుషులకి సైగ చేసింది.

వాళ్లు ఫొటోగ్రాఫర్ వంక చూడనైనా చూడలేదు. దుబాసీ చంకల కింద చేతులేసి ఎత్తి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.