గోడకెక్కిన నమ్మకం

“చేతులు కడుక్కోవడమా?” అన్నాడు ఆస్పత్రి చైర్మన్, తాను సరిగానే విన్నానా అన్నట్టు.

“అవునండీ. కత్తి పట్టేముందు గోళ్ళ సందుల నుంచి మోచేతుల దాకా శుభ్రంగా కడుక్కోవాలి. నేను గట్టిగా నమ్మేది అదొక్కటే,” అంది డాక్టరమ్మ.

పక్క కుర్చీలోని సీనియర్ సర్జన్ ముసిముసిగా నవ్వాడు. ఆస్పత్రిలో అందరూ చాటుగా ఆయనను ‘మైకు డాక్టరు’ అంటారు. మైకు ఒకసారి ఆయన చేతికందితే, మళ్ళీ దింపగలిగేది కరెంటు పోవడమొక్కటే.

శస్త్రచికిత్స విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. పోటీలో మిగిలింది వీరిద్దరే. ఎవరికి వారు తమ జీవితానికి ఆధారమైన నమ్మకమేమిటో ఒక్క వాక్యంలో చెప్పాలనీ, మంచి వాక్యం చెప్పినవారికి పదవి ఇచ్చి, ఆ వాక్యాన్ని ముఖద్వారం దగ్గర పాలరాతి మీద చెక్కిస్తాననీ చైర్మన్ ప్రకటించాడు. కత్తి పట్టే చేతిని నాలుకను చూసి ఎంచే పద్ధతి ఏ శాస్త్రంలో ఉందో డాక్టరమ్మకు తెలియదు. అయినా వచ్చింది. మైకు డాక్టరు వార్డులో కుట్లు చీము పట్టడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఆయన చేతులకు నీళ్ళు చూపించి థియేటర్లోకి దూరతాడు. గాయం కుళ్ళితే రోగి ఖర్మ అంటాడు. అధిపతి అయితే తప్ప ఆయనను కుళాయి దగ్గర నిలబెట్టే అధికారం ఆమెకు రాదు.

“అది అలవాటు తల్లీ, నమ్మకం కాదు,” అన్నాడు చైర్మన్. “పళ్ళు తోముకోవాలని నమ్ముతున్నాను అన్నట్టుంది. కాస్త ఎత్తుగా ఏదైనా చెప్పు.”

“ఎత్తుగా అంటే, మోచేతుల పైదాకానా అండీ?”

మైకు డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “రోగిని నేను చేతులతో తాకనండీ. హృదయంతో తాకుతాను.”

చైర్మన్ కళ్ళు మూసుకుని ఆ వాక్యాన్ని బిళ్ళలా చప్పరించాడు.

“అయితే గురువుగారూ, లోపలికెళ్ళే ముందు ఆ హృదయానికైనా కాస్త సబ్బు రాయండి,” అంది డాక్టరమ్మ.

“చూశారా? ఈ కాలం వాళ్ళకి అంతా సబ్బూ నీళ్ళే. మానవత్వం కనిపించదు.”

“నిన్న మీ వార్డులో ముసలాయన కుట్లు విప్పితే నాకు చీము మాత్రం కనిపించిందండీ.”

“అది ఆయన రాసిపెట్టుకుని వచ్చింది అమ్మాయ్. మన చేతుల్లో ఏముంది?”

“ఏముందో మైక్రోస్కోపులో చూపిస్తాను, రండి.”

“చాలు,” అని చైర్మన్ బల్ల మీద తట్టాడు. “ఇది ఆస్పత్రి, చాకిరేవు కాదు. గోడ మీద చదివిన మనిషికి ఒళ్ళు పులకరించాలి. హృదయంతో తాకుతాను! ఆ మాటే చెక్కిద్దాం. పదవి ఆయనదే.”

సూక్ష్మజీవులకు చదువు రాకపోవడం ఎంత నష్టమో డాక్టరమ్మకు అప్పుడు తెలిసివచ్చింది. చదువొస్తే ఆ పాలరాయి చూసి సిగ్గుతో వెనక్కి తిరిగేవి.

మైకు డాక్టరు చైర్మన్ చేతులు రెండూ పట్టుకుని ఊపి, ఆ ఊపులోనే మరో రెండు నమ్మకాలు వినిపించి, తలుపు దాటాడు. డాక్టరమ్మ కూడా లేచింది.

“నువ్వు కూర్చో,” అన్నాడు చైర్మన్. స్వయంగా వెళ్ళి తలుపుకు గడియ వేశాడు.

ఉద్యోగానికే ఎసరు వచ్చిందనుకుంది ఆమె. “రాజీనామా అడగడానికైతే గడియ అక్కర్లేదండీ. తలుపు తీసే ఉంచండి, వెళ్ళడానికి వీలుగా ఉంటుంది.”

చైర్మన్ తిరిగి తన కుర్చీలోకి వచ్చాడు. సొరుగులోంచి ఒక స్కాన్ ఫిల్ము తీసి ఆమె ముందుకు తోశాడు. పేరున్న చోట ప్లాస్టరు అంటించి ఉంది. ఆమె దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసింది.

“పిత్తాశయం నిండా రాళ్ళు. బాగా వాచింది కూడా. ఆలస్యం చేయకూడదు. ఎవరిదండీ?”

“అది తర్వాత. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేయగలవా? నువ్వే చేయాలి. బయట ఎవరికీ తెలియకూడదు.”

“నేనెందుకండీ? విభాగాధిపతిని ఇప్పుడేగా నియమించారు. ఆయనకు చెప్పండి, హృదయంతో తాకుతారు.”

చైర్మన్ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“కుర్చీ ఇచ్చాను కదమ్మా. నా కడుపు కూడా ఆయనకే ఇవ్వమంటావా?”