ఇర్మా వేసిన తాళం

"తాళంచెవి ఎక్కడుందే?"

ఆర్విడ్ సుత్తితో బీరువా మీద ఒక్కటిచ్చాడు. పాత చెక్క నిలువునా చీలింది.

గెర్డా గుమ్మంలోనే నిలబడిపోయింది. అన్న అరుపులు పక్క పొలంలో ఉన్న తన ఇంటి దాకా వినిపిస్తే పరుగున వచ్చింది. గది నిండా గాజుపెంకులు. పెళ్ళి ఫోటో నేలమీద బోర్లా పడి ఉంది. మంచం మీద జింకల వేట తుపాకీ. దాని మధ్యలోంచి ఒక ఉక్కుతీగ దూరి, చివర తాళంతో బిగుసుకుని ఉంది.

ఆ తాళం వేసింది ఆర్విడ్ భార్య ఇర్మా. కిందటి వేసవిలో జిల్లా సంతలో ఆసుపత్రి వాళ్ళు డేరా వేసి, వచ్చినవాళ్ళకి బీపీ చూస్తూ, తుపాకీలున్న ఇళ్ళకి, అవి పేలకుండా బిగించే ఈ తాళాలు ఊరికే పంచారు. మనవలు వచ్చిపోయే ఇల్లు కదా అని ఇర్మా ఒకటి తెచ్చి బిగించింది. చెవి మాత్రం ఆడపడుచు చేతిలో పెట్టింది. "మీ అన్నకిస్తే ఏ గడ్డివాములోనో పారేస్తాడు" అని నవ్వింది కూడా.

ఇర్మా పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. తన పొలం గేటు దగ్గరే, గడ్డిబండి కింద నలిగి చనిపోయింది.

"నీ దగ్గరే ఉంది. ఇలా తే."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు. ఇర్మాను చంపినవాడు బతకడానికి వీల్లేదు."

"షెరిఫ్ ఏమన్నాడో విన్నావుగా అన్నా. ప్రమాదమన్నాడు."

"ప్రమాదం!" ఆర్విడ్ ఉమ్మేశాడు. "వాడి భుజం తట్టి ఇంటికి పంపేశాడు. కేసు లేదు, ఏమీ లేదు. ఇర్మాను సమాధి చేసిన రోజు వాడు చర్చికొచ్చి కూర్చుంటే ఆడవాళ్ళు కొసరి కొసరి వడ్డించారు. సిగ్గులేనివాడు, తిన్నాడు!"

"రెండు ముద్దలు తిన్నాడు. ఆ తరవాత వాడికి తిండీ లేదు, నిద్రా లేదు."

"నీకు వాడి మీద జాలా?"

"జాలే! ఏం, పడకూడదా?"

ఆర్విడ్ సుత్తి పట్టుకుని ఆమె మీదికి వచ్చాడు. గెర్డా వెనక్కి తిరిగి పరుగందుకుంది. వంటిల్లు, వరండా, పాలకొట్టం దాటి పేడగుంట అంచున ఆగింది. జేబులోంచి తాళంచెవి తీసి గుంటలోకి విసిరేసింది. అది చప్పుడైనా చెయ్యకుండా మునిగిపోయింది.

ఆర్విడ్ ఆమె కాలరు పట్టుకుని ఊపేశాడు. విడిపించుకోబోతే అతని మోచెయ్యి ఆమె మూతికి తగిలింది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. అరవై ఏళ్ళలో అన్న ఆమె మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. ఆర్విడ్ ఆ రక్తం వైపు ఒక్క క్షణం చూశాడు. వెనుదిరిగి ఇంట్లోకి పోయాడు. సుత్తి దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి.

గెర్డా వంటింట్లోకి వచ్చింది. తాళంతో పాటు ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద ఇర్మా అంటించినట్టే ఉంది. ఆపదలో పిలవమని అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"తాళం ఎంతసేపు ఆగుతుందో తెలీదు. త్వరగా రండి" అంది.

పావుగంటలో కారు వచ్చింది. దిగినావిడ పేరు లొరెట్టా. నిన్న మొన్నటిదాకా సొంత పాడి నడుపుకున్న మనిషి. ఆవుల్ని అమ్మేశాక, పల్లెలు తిరిగి రైతుల్ని కనిపెట్టుకునే పని ఆసుపత్రి వాళ్ళిచ్చారు.

ఆర్విడ్ బయటికొచ్చాడు. బొటనవేలు నలిగి నెత్తురోడుతోంది. తుపాకీని గొట్టం వైపు పట్టుకున్నాడు. తాళం ఇంకా దానికే వేలాడుతోంది.

"ఎవరు పిలిచారు నిన్ను? పో!"

"పోను."

అతను తుపాకీ ఎత్తి కారు ముందద్దం మీద దించాడు. అద్దం భళ్ళుమంది. లొరెట్టా అడుగు కదపలేదు.

"వెనకద్దం కూడా ఉంది, కానివ్వండి. ఆసుపత్రి వాళ్ళు ఎలాగూ నన్నే తిడతారు" అంది. తరవాత నెమ్మదిగా అడిగింది. "వాడు కావాలనే చేశాడా ఆర్విడ్ గారూ?"

అతని గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "కాదు."

"మరి?"

"వెనక ఎవరున్నారో చూసుకోలేదు. ఆమె కేకేసింది. ఇంజను మోతలో వినపడలేదట. వినపడలేదట! ఇక చెవులెందుకు వాడికి?"

"ఇర్మా గారు బతికి బయటపడి ఉంటే వాణ్ణేం చేసేవారు?"

ఆర్విడ్ నెత్తురోడుతున్న బొటనవేలిని చొక్కాకి తుడుచుకున్నాడు.

"తిట్టేది. చెవులు చిల్లులు పడేలా తిట్టేది."

"ఆ తరవాత?"

"కాఫీ పోసిచ్చేది."

తుపాకీ చేతిలోంచి జారి గులకరాళ్ళ మీద పడింది. ఆర్విడ్ దాని పక్కనే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గెర్డా వచ్చి అతని తల తన పొట్టకి ఆనించుకుంది.

"ఇవాళ్టికి వాణ్ణి వదిలెయ్యండి" అంది లొరెట్టా. "రేపు పొద్దున మళ్ళీ ఇదే అడుగుతాను. ఎల్లుండి కూడా."

తుపాకీని కారు డిక్కీలో పెట్టింది. ముందు సీటు మీది గాజుముక్కలు చేత్తో దులిపి ఆర్విడ్‌ని కూర్చోబెట్టింది. ముందద్దం లేని ఆ కారు ఆసుపత్రి వైపు మెల్లగా సాగిపోయింది.

కొట్టంలో ఆవులు పాలు పితకమని అరుస్తున్నాయి. గెర్డా పెదవి తుడుచుకుని అటు నడిచింది. గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. గడ్డిబండీ, దానికి కట్టిన ట్రాక్టరూ పదహారు రోజులుగా కదలకుండా అక్కడే ఉన్నాయి.

ఆ రోజు ఆ ట్రాక్టరుని వెనక్కి నడిపింది ఆర్విడే.